ఒక గోలీ, రెండు పనులు

మా బోధన్ దిక్కు పెళ్లి మాటల్లో షుగర్ ఉందంటే దాచరు. ఫిట్స్ అంటే మాత్రం నోరు మెదపరు. శక్కర్‌నగర్‌లో ఉండే మా చిన్నమ్మ బిడ్డకు చిన్నప్పట్నుంచి ఫిట్స్. వాల్‌ప్రోయేట్ గోలీతో నాలుగేళ్లుగా ఒక్కసారీ రాలేదు. పెళ్లి కుదిరాక ఫోన్ చేసింది. "అక్కా, పుట్టే పిల్లలకు మంచిది కాదంట. ఇంట్ల గోలీలు బంద్ చెయ్యమంటున్నరు. చెయ్యాల్నా?"

"నీ అంతట నువ్వు ఒక్కటి కూడా ఆపకు" అన్నా. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికే రావచ్చు. అయితే ఇంట్లోవాళ్ల భయం ఉత్తదేం కాదు. జువాలజీ చదివినదాన్ని కాబట్టి దానికి ఇలా చెప్పా.

మన ఒక్కో కణంలో దాదాపు 2 మీటర్ల డీఎన్‌ఏ ఉంటుంది. ఆ దారం హిస్టోన్లనే ప్రొటీన్ల చుట్టూ చుట్టుకుని ఉంటుంది. హిస్టోన్‌కు ఎసిటైల్ అనే చిన్న రసాయన ముక్క అతుక్కుంటే చుట్టు వదులై, అక్కడి జీన్ పనిచేయడానికి దారి దొరుకుతుంది. ఆ ముక్కను పీకేసే ఎంజైములు చుట్టును మళ్లీ బిగిస్తాయి. కడుపులో బిడ్డ ఎదిగేటప్పుడు ఏ జీన్ ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో ఒక లెక్క ఉంటుంది.

వాల్‌ప్రోయేట్ ఫిట్స్‌ను ఆపుతుందని 1963లో తేలింది. ఆ పీకేసే ఎంజైములను కూడా అడ్డుకుంటుందని 2001లో బయటపడింది. అంటే బిడ్డలో లెక్క తప్పొచ్చు. గర్భంతో ఉండి ఈ మందు వాడితే 100 మంది పిల్లల్లో సుమారు 10 మందికి పుట్టుకతో లోపాలు, 30 నుంచి 40 మందికి ఎదుగుదల సమస్యలు రావచ్చు. ఇలాంటి ఎంజైములను అడ్డుకునే గుణాన్నే వాడుకుని, 2006లో అమెరికాలో వొరినోస్టాట్ అనే మందును ఒక రకం క్యాన్సర్‌కు అనుమతించారు. అదే పని ఒకచోట మందు, ఇంకోచోట ముప్పు.

బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి గర్భం వచ్చిన సంగతే తెలియదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన ఫోలిక్ యాసిడ్‌ను డాక్టర్లు ముందునుంచే వాడమంటారు. కానీ అది ఈ ముప్పును పూర్తిగా తీసెయ్యదు.

అందుకే పిల్లలు కావాలనుకోవడానికి నెలల ముందే నిజామాబాద్ ఖలీల్‌వాడీకో, హైదరాబాద్‌కో వెళ్లి నరాల డాక్టర్‌ను కలవాలి. మందు మార్చాలన్నా, డోసు తగ్గించాలన్నా టైం పడుతుంది. అత్తింట్లో దాచిన గోలీ గురించి డాక్టర్‌ను అడగడం కూడా కష్టమే. దాపరికం వల్ల పోయేది ఆ నెలల టైమే.