అమ్మ చూసిన గోడ

షేడ్ కార్డు ముందేసుకుని కూర్చున్నాక మావారికీ నాకూ రెండు రోజులు మాటల్లేవు. ఆయనకు ఇల్లంతా గంధం రంగు కావాలి. ఎప్పటికీ విసుగు పుట్టదట. అద్దె ఇళ్లలో ఇరవై ఏళ్లు ఆ గంధం రంగునే చూసీ చూసీ మొహం మొత్తినదాన్ని నేను. సొంత ఫ్లాటు కొనుక్కున్నాక కూడా అదేనా! చివరికి రాజీ కుదిరింది. హాలు ఆయన ఇష్టం, పడగ్గదులు నా ఇష్టం.

అమ్మ గదికి నీలం ఎంచాను. మరీ ముదురు కాదు. వాన వెలిశాక ఆకాశం ఉంటుందే, ఆ రంగు. నాన్న పోయాక అమ్మ కోనసీమలోని మా ఊరు వదిలి హైదరాబాద్‌లో మా దగ్గరకు వచ్చేస్తోంది. ఊళ్లో మా ఇంటికి ఏటా సంక్రాంతి ముందు వెల్ల వేసేవాళ్లు. కుండలో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోస్తే కుతకుతమని ఉడికేది. మర్నాడు ఆ సున్నంలో అమ్మ చిటికెడు నీలిమందు కలిపేది. 'తెలుపు తెల్లగా కనబడాలంటే కాస్త నీలం పడాలే' అనేది. ఆ మాట గుర్తుంచుకునే ఆ గదికి నీలం వేయించాను. చూసి మురిసిపోతుందనుకున్నాను.

ఆ గది కిటికీ పడమటి వైపు. హైదరాబాద్ ఎండల సంగతి తెలిసిందే కదా. వేసవిలో మధ్యాహ్నం మూడు దాటితే మంచం మీద చెయ్యి పెట్టలేం. అందుకని ముదురు నీలంలో బాగా మందంగా ఉండే పరదా బట్ట తెచ్చాను. గోడ లేత నీలం, పరదా ముదురు నీలం. పక్క ఫ్లాటు ఆవిడ వచ్చి 'మ్యాచింగ్ భలే కుదిరిందండీ' అంటే పొంగిపోయాను.

అమ్మ వచ్చిన రోజే గోడను చేత్తో తడిమి చూసింది.

"కొత్తగా రంగు వేయించామన్నారు. అప్పుడే మాసిపోయిందేమిటే?" అంది.

నాకు మనసు చివుక్కుమంది. పుట్టీ రెండు కోటింగులు, ప్రైమరు, ఆపైన ఎమల్షన్ రెండు కోటింగులు. పెట్టిన ఖర్చంతా కళ్ల ముందు తిరిగింది.

"మాయలేదమ్మా, అది నీలం రంగు" అన్నాను.

"నీలమా! బూడిద కలిపినట్టుంది" అని ఊరుకుంది.

అక్కడితో అయిపోలేదు. పరదాను ముడివేసి కిటికీ ఊచకు కట్టేసేది. నేను వెళ్లి విప్పేదాన్ని. పట్టపగలు ట్యూబ్‌లైటు వేసుకునేది. నేను కరెంటు బిల్లు గొణుక్కుంటూ ఆర్పేదాన్ని. ఎండ మొహాన కొడుతున్నా బాల్కనీలోనే కూర్చుని పేపరు చదివేది. చుట్టాలొస్తే 'మా అమ్మాయి ఇల్లు బాగుంది కానీ, నా గది గోడలే కాస్త మురికిగా ఉంటాయి' అనేది. ఒకరోజు ఉండబట్టలేక అనేశాను.

"నీకు మా ఇంట్లో ఉండటం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పమ్మా. మధ్యలో గోడల్నెందుకు అంటావు?"

అమ్మ బదులు చెప్పలేదు. ఆ రోజు నుంచి గోడ మాటెత్తలేదు. పగలు లైటు వేయడమూ మానేసింది. ఆ చీకట్లోనే మంచం మీద ఊరికే కూర్చునేది. పోనీలే, అలవాటు పడింది అనుకున్నాను నేను.

ఒకనాడు ఆ పరదా నేల మీద జీరాడుతోందని, అమ్మ కాలికి తగులుతుందని అనిపించింది. అంచు మడిచి కుట్టమని అమ్మకే ఇచ్చాను. అమ్మ చేతికుట్టు మా ఊళ్లో పేరున్న కుట్టు. నా చిన్నప్పటి లంగాలు, జాకెట్లు అన్నీ ఆవిడ కుట్టినవే. దారం రంగు పిసరంత తేడా వచ్చినా మొత్తం విప్పేసి మళ్లీ కుట్టేది. సూదిలో దారం ఎక్కించమని నన్ను పిలిచింది. ఎక్కించిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయాను. పెద్దవాళ్లు కదా, సూది బెజ్జం కనబడకపోవడం మామూలే అనుకున్నాను.

సాయంత్రం చూస్తే సగం అంచు నీలం దారంతో, సగం నల్లదారంతో కుట్టి ఉంది. నేనెక్కించిన దారం అయిపోయాక పక్కింటి పిల్లతో ఎక్కించుకుందట. డబ్బాలో చేతికందిన రీలు నల్లది.

"అమ్మా, నల్లదారం వేశావేంటి?" అన్నాను.

అమ్మ ఆ రీలును కిటికీ దగ్గరకు తీసుకెళ్లింది. పరదా తప్పించి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది నీలం కాదూ?" అంది.

ఆ గొంతులో ఎప్పుడూ వినని భయం. నా కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఇన్నాళ్లూ అమ్మ నా ఇంటికి వంకలు పెడుతోందనుకున్నాను. తనకు కనబడుతున్నదే చెబుతోందని ఒక్కసారీ తట్టలేదు.

కంటి డాక్టరు పరీక్ష చేసి రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా ముదిరాయన్నారు. వయసు మీద పడేకొద్దీ కంట్లోని కటకం పసుపు తిరిగి, క్రమంగా గోధుమ రంగుకు మారుతుందట. అది లోపలికి వెళ్లే వెలుతురును తగ్గిస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా నీలాన్ని అడ్డుకుంటుంది. అందుకే లేత నీలం బూడిదలా, ముదురు నీలం నలుపులా కనిపిస్తాయి. మెల్లమెల్లగా వచ్చే మార్పు కాబట్టి మనిషికి తన చూపు మారిందని తెలియదు, లోకమే మాసిపోయిందనుకుంటారు. రంగులే బతుకైన ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనేకీ ఈ తిప్పలు తప్పలేదు. 1923లో ఆపరేషన్ చేయించుకునేదాకా ఆయన బొమ్మల్లో ఎరుపులు, గోధుమ రంగులు ముదురుతూ వచ్చాయి. ఇక మా అమ్మ ఎంత!

ముందు కుడికంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పాక ఇంటికి తీసుకొచ్చాను. అమ్మ తన గది గుమ్మంలోనే ఆగిపోయింది. ఒక కన్ను మూసింది. అది తెరిచి రెండోది మూసింది. చిన్నపిల్లలా మళ్లీ మళ్లీ అదే పని.

"ఈ కంటితో చూస్తే మట్టి గోడ. ఈ కంటితో చూస్తే నీలమే!" అంది. కాసేపాగి, "కానీ ఇంత నీలమా? మరీ గాటుగా ఉందే అమ్మాయ్!" అంది.

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి నాకు. కొత్త లెన్సు పెట్టాక మొదట్లో నీలం కాస్త ఎక్కువగా కనబడుతుందనీ, పోనుపోను సర్దుకుంటుందనీ డాక్టరు ముందే చెప్పారు. రెండో కన్ను కూడా అయ్యాక, చూపు కుదురుకునేదాకా ఆగి, ఆ గదిని మళ్లీ సర్దాం. ఈసారి మేస్త్రి షేడ్ కార్డును అమ్మ చేతిలోనే పెట్టాను.

కార్డు మీది చిన్న ముక్కను నమ్మొద్దని అప్పటికి నాకు బుద్ధొచ్చింది. అదే రంగు నాలుగు గోడలకూ వేస్తే ముదురుగా కనిపిస్తుంది. రెండడుగుల అట్ట మీద రెండు కోటింగులు వేయించి, రోజుకో గోడకు ఆనించి చూశాం. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు వేశాక... ఒకే రంగు మూడు రకాలుగా కనబడింది. తెల్లటి లైటులో బాగున్నది పసుపు లైటులో వెలవెలబోయింది. చివరికి మంచం వెనక గోడకు నీలమే ఉంచి, మిగతా మూడూ లేత మీగడ రంగు వేయించాం. కిటికీ ఎదుటి గోడ లేతగా ఉంటే వెలుగు తిరిగి గదిలోకే వస్తుంది. గోడలో కలిసిపోతున్న తెల్ల తలుపుకు మాత్రం చెక్క రంగు వేయించాం. రాత్రిళ్లు లేచినప్పుడు దారి వెతుక్కోనక్కర్లేదు.

కిటికీకి ఇప్పుడు రెండు వరసల పరదాలు. లోపల పల్చటి తెల్ల నూలుబట్ట, వెలుతురును ఆపదు. దాని మీద అస్తరు వేసిన మందపాటిది, మూడు గంటల ఎండకు మాత్రమే. పరదా కడ్డీని కిటికీకి అటూ ఇటూ జానెడు పొడిగించి కొట్టించాం. పక్కకు జరిపితే బట్ట గోడ మీదకు పోతుంది, అద్దం మొత్తం ఖాళీ. కిటికీ వెడల్పుకు రెట్టింపు బట్ట తీసుకుంటేనే కుచ్చులు నిండుగా పడతాయి. నూలుబట్టను ముందే తడిపి ఆరేసి కుట్టించాలని చెప్పింది అమ్మే, లేకపోతే మొదటి ఉతుకులోనే పొట్టిదైపోతుంది. అంచు నేలకు తగలకుండా వేలెడెత్తు ఎత్తి కుట్టింది కూడా అమ్మే. సూదిలో దారం తనే ఎక్కించుకుంది.

ఎవరైనా రంగులు ఎంచుకుంటున్నామంటే ఇప్పుడు నేను అడిగే ప్రశ్న ఒక్కటే. ఆ గదిలో ఎక్కువసేపు ఉండేదెవరు? వాళ్లను పిలిచి చూపించండి. వాళ్లకు అది ఏ రంగులో కనబడుతోందో అడగండి. మీ కంటికి కనబడేదానికీ వాళ్లు చెప్పేదానికీ పొంతన లేకపోతే షేడ్ కార్డు పక్కన పెట్టి, ముందు కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

పాత ముదురు నీలం పరదాను పారేయలేదు. దాన్నే అస్తరు వేయించి మందపాటి వరసకు వాడాం. సగం నీలం, సగం నలుపు దారంతో ఉన్న ఆ అంచును చూసి అమ్మ ఇప్పటికీ సిగ్గుపడుతుంది. "విప్పి మళ్లీ కుడతానే" అంటుంది. నేనే వద్దంటున్నాను.