బాడుగ రసీదు

ఎన్నికలు సమీపించినచో మా పాఠశాలలోని ఉపాధ్యాయుల గదిలో పాఠములను గూర్చి మాటలాడువారు కానరారు. 2024వ సంవత్సరము మే 13వ తేదీన ఆంధ్రప్రదేశమున శాసనసభకును లోక్‌సభకును ఒక్కదినముననే పోలింగు జరిగినది. దానికి ముందు మూడు వారములు మా నెల్లూరు తీరమున ఎండ యెంతటిదో వాదములును అంతటివి. పోలింగు విధులు నిర్వహింపవలసిన వారమగుటచే మేము బహిరంగముగా నే పక్షమును సమర్థింపరాదు. కాని గది తలుపు మూసినచో నియమములు వెలుపలనే యుండిపోవును.

ఆ యేడు వాదములకు ఆధారము అభ్యర్థుల ప్రమాణపత్రములు. అభ్యర్థి తన ఆస్తులను, అప్పులను, తనపై గల నేరారోపణలను ఓటరునకు తెలుపవలెనని సుప్రీంకోర్టు 2002లో చెప్పి, 2003లో స్థిరపరచినది. 2019 నుండి అయిదేండ్ల ఆదాయపు పన్ను రిటర్నులలో చూపిన ఆదాయమును సైతము అందు వ్రాయవలసియున్నది. నెల్లూరు లోక్‌సభ స్థానమున గెలుపొందిన వేమిరెడ్డి ప్రభాకరరెడ్డిగారు ప్రకటించిన కుటుంబపు ఆస్తి 700 కోట్లకు పైబడినది. గుంటూరున గెలిచిన పెమ్మసాని చంద్రశేఖరుగారిది 5,700 కోట్ల పైమాట. చంద్రబాబునాయుడుగారి కుటుంబపు ఆస్తి 900 కోట్లు దాటగా, జగన్మోహనరెడ్డిగారి సొంత ఆస్తి 500 కోట్లు దాటినది. ఆస్తి యుండుట నేరము కాదు. దానిని ప్రకటించుట మంచిదే. అయితే ఈ పత్రము మొత్తమును చెప్పును గాని, కట్టవలసిన పన్ను ఏ మినహాయింపులచే ఎంత తగ్గినదో చెప్పదు. ఆ చెప్పని చోటనే మా వాదములన్నియు పుట్టినవి.

ఒక మాస్టారు ఎదుటి పక్షమువారి కోట్లను చూపి, “ఇదంతా పన్ను ఎగ్గొట్టిన సొమ్మే” అనును. తన పక్షమువారి కోట్లను చూపినచో, “ఆయన కష్టపడి సంపాదించినాడు, చట్టంలో ఉన్న సౌకర్యం వాడుకుంటే తప్పేంది?” అనును. రెండవ మాస్టారు ఈ రెండు వాక్యములనే పేర్లు మార్చి అప్పగించును. ఇద్దరి చేతులలోను రుజువు లేదు.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. చట్టమిచ్చిన దారిలో పన్ను తగ్గించుకొనుట ఒకటి. ఉన్నదానిని దాచి, లేనిదానిని చూపి పన్ను ఎగవేయుట మరియొకటి. ఆంగ్లమున ఈ రెంటికి వేరువేరు మాటలున్నవి. మనము వాడుకలో రెంటిని ఎగవేతయనియే అనుచున్నాము. అందుచే మొదటివాడు నిష్కారణముగా నిందపడును. రెండవవాడు మొదటివాని చాటున దాగును. వ్యవసాయాదాయమునే చూడుడు. దానిపై పన్ను వేయు అధికారమును రాజ్యాంగము రాష్ట్రములకు విడిచినది. కేంద్రపు ఆదాయపు పన్ను దానికి లేదు. రెండెకరముల రైతునకు ఇది రక్షణ. ఇతర వ్యాపారపు లాభమును వరిచేని ఫలసాయముగా వ్రాసికొను ధనికునకు ఇదియే దొడ్డిదారి. ఇక పక్షముల సంగతి: దాతల పేర్లు ఓటరునకు తెలియనీయని ఎన్నికల బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15వ తేదీన కొట్టివేసినది. అంతవరకు మన రాష్ట్రపు ప్రధానపక్షములు రెండును వానిని పుచ్చుకొన్నవే. కావున ఓటరు అడుగవలసినది “నీకెంత యున్నది?” అని మాత్రమే కాదు, “ఈ దొడ్డిదారులను మూయుటకు నీ పక్షము ఏమి చేయును?” అనియు అడుగవలెను. ఆ ప్రశ్న మా గదిలో ఎవరును వేయలేదు. నేనును వేయలేదు.

ఒక ఆదివారము మైపాడు నుండి మా బావగారు వచ్చిరి. భోజనానంతరము మాట మరల అభ్యర్థుల ఆస్తులపైకి పోయినది. తన నాయకుని వెనుకవేసికొని వచ్చుచు ఆయన, “అందరూ చేసేదే లే బావా” అనిరి. నేను మండిపడి, “నా జీతంలో పన్ను చేతికి రాకముందే పట్టుకుంటారు. దాచుకునేందుకు నాకు దారే లేదు” అంటిని. వసారాలో బియ్యము చెరుగుచున్న మా అమ్మ తలయెత్తి, “మరి పోయినేడు నా చేత సంతకాలు పెట్టించుకున్నావే, ఆ బాడుగ కాగితాలు దేనికి నాయనా? నువ్వు నాకెప్పుడు బాడుగ ఇచ్చినావు?” అనినది.

ఆ మాటలో నింద లేదు, తెలియక అడిగినది. నాకు మాత్రము తల యెత్తుటకు చాలలేదు.

మేముండు ఇల్లు మా అమ్మ పేరనున్నది. తల్లికి నిజముగా బాడుగ చెల్లించి లెక్కలో చూపినచో తప్పులేదు. నేను ఒక్క రూపాయియైనను చెల్లింపలేదు. నెలకు 8 వేల చొప్పున పండ్రెండు రసీదులు వ్రాసితిని. ఏటికి 96 వేలు; లక్ష దాటినచో ఇంటి యజమాని పాన్ సంఖ్య అడుగుదురని తెలిసియే ఆ లెక్క వేసితిని. దానివలన నాకు మిగిలినది అయిదువేలకు కొంచెము లోపు. ఆ రసీదులపై సంతకములు మా అమ్మవి. పదియేండ్ల క్రిందట ఆమెచే వేలిముద్ర మాన్పించి, పలకపై పేరు దిద్దించినవాడను నేనే. పదిమందికి ఆ సంగతి గర్వముతో చెప్పుకొన్నవాడను కూడ నేనే.

బావగారు నవ్వి, “చెప్పినా గదా, అందరూ చేసేదే” అనిరి. ఒక గడియ క్రిందట నాకు కోపము తెప్పించిన వాక్యము ఇప్పుడు నాకు ఓదార్పుగా వచ్చినది. దానికంటె సిగ్గుచేటు మరొకటి లేదని తోచినది.

తప్పుగా దాఖలు చేసిన రిటర్నును అదనపు పన్ను కట్టి సరిదిద్దుకొను వీలు 2022లో చట్టమున చేర్చబడినది. పోలింగునకు ముందే ఆ పని చేసితిని. ఎగవేసిన పన్నును, దానిపై నాలుగవ వంతు అదనమును కలిపి ఆరువేలు దాటినది. అమ్మకు విషయమంతయు చెప్పి తప్పు ఒప్పుకొంటిని. ఆమె కొంతసేపు ఊరకుండి, “ఈ తూరి కాగితం చదివి వినిపించి సంతకం అడుగు” అనినది. సంతకము నేర్పినవాడను, చదువు నేర్పక విడిచితిని. ఇప్పుడు సాయంకాలములందు ఆమె వాచకము చదువుచున్నది.

చదువరులారా, నా అయిదువేలును, కోటీశ్వరుడు చేయు ఎగవేతయు ఒకటేయని నేను చెప్పుటలేదు. ఆయన దాచినచో ఒక ఊరి ఆసుపత్రియే నిలువకపోవచ్చును. “నీవును దొంగవే, నేనును దొంగనే, ఊరకుందము” అను వాదము ధనికునకు అన్నిటికంటె చౌకగా దొరకు వకీలు. నా తప్పు ఆయన తప్పును తగ్గింపదు. ఆయనను అడుగవలసిన నా నోటిని మాత్రము కట్టివేయును.

1930లో మైపాడు తీరమున మా జిల్లావారు ఉప్పు సత్యాగ్రహము చేసిరి. అన్యాయమని తోచిన పన్నును వారు పట్టపగలు పదిమంది యెదుట ధిక్కరించి, శిక్షకు సిద్ధపడిరి. మనము న్యాయమని ఒప్పుకొన్న పన్నును చాటున తప్పించుకొని, ఎవరైన అడిగినచో పక్షపు జెండాను కప్పుకొనుచున్నాము. రాబోవు ఎన్నికలలో నేను మొదట ప్రశ్నింపదలచినది నేను ఓటు వేయదలచిన అభ్యర్థినే. ఎదుటివానిని అడుగుటకు మా గదిలో మనుష్యులకు కొదువలేదు.