అడుగుకి అరంగుళం

పాత పెంకుటిల్లు బొమ్మ గీయమంటే ఎవరైనా గీసేస్తారు. వాలు కప్పు, తలుపు, రెండు కిటికీలు... అయిపోయింది! మరి ఆ ఇంట్లో తాతయ్య తల ఆనించి కూర్చున్న చోట గోడమీద నూనె మరక ఎంత ఎత్తులో ఉంటుంది? వానాకాలంలో వీధి అరుగుమీద మట్టి ఎందాకా చిందుతుంది?

పోయిన వేసవి నుంచి దసరా దాకా నా ఆదివారాలన్నీ ఇలాంటి ప్రశ్నలతోనే గడిచిపోయాయి. కోనసీమలో మా అమ్మమ్మగారి మండువా లోగిలికి నమూనా కట్టాను మరి. అసలు ఇల్లు 2008లో అమ్మేశారు. కొన్నవాళ్లు పడగొట్టి డాబా వేసుకున్నారు. మాకు మిగిలినవి ఆరే ఆరు ఫొటోలు. అన్నీ పెళ్లిళ్లవే, వాటిలో ఇంటికంటే షామియానాలే ఎక్కువ! బొమ్మలకొలువులో పెట్టుకుంటానని అమ్మ అడిగింది. సరేనని అట్టముక్కలు ముందేసుకున్నాను.

ఒక చోటుని అక్కడి వస్తువులతో, మనుషులతో సహా చిన్నదిగా చేసి చూపిస్తే దాన్ని డయోరమా అంటున్నారు. 1822లో పారిస్‌లో డాగేర్ పెట్టిన చిత్రప్రదర్శన పేరది. తర్వాత ఇలాంటి నమూనాలకూ స్థిరపడింది. మనకిదేం కొత్త కాదనుకోండి. ఆవాలు మొలిపించి పొలం చేసి, అద్దం ముక్కతో చెరువు పెట్టేవాళ్లం కాదూ!

నేను ఎంచుకున్న కొలత అడుగుకి అరంగుళం. అంటే 24వ వంతు. ఆరడుగుల తలుపు మూడంగుళాలవుతుంది. గోడలు లేపడం రెండు ఆదివారాల పని. అసలు తంటా ఆ తర్వాతే. ఇల్లు చిన్నదైనంత తేలిగ్గా మిగతావన్నీ చిన్నవి కావు. మిల్లీమీటరు ఇసుక రేణువు ఈ వాకిట్లో పడితే దాదాపు అంగుళం కంకర రాయి! అందుకే మట్టిని పల్చటి గుడ్డలో జల్లించాలి. బియ్యప్పిండితో ముగ్గేస్తే గులకరాళ్లు పేర్చినట్టుంటుంది, సన్నగా చెక్కిన తెల్ల పెన్సిలే గతి. ఇక దండెంమీద చీర. ఎంత మెత్తటి వాయిల్ ముక్కయినా కర్రలా నిలబడుతుంది. టిష్యూ కాగితాన్ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి వేస్తేనే మడతలు జారతాయి.

కప్పుకి కూన పెంకులు. లెక్క వేస్తే ఒక్క వీధివైపు వాలుకే నాలుగు వేల పైచిలుకు తేలాయి. ఒక్కోటీ చుట్టి అతికించే ఓపిక ఎవరికుంది? అట్టపెట్టెని తడిపి పైపొర ఒలిస్తే లోపల ముడతల కాగితం ఉంటుంది చూడండి, దాన్ని సెంటీమీటరు పట్టీలుగా కోసి, చూరు దగ్గర్నుంచి పైకి ఒకదాని అంచుమీద ఒకటి అతికిస్తే అచ్చం పెంకుల వరసలే. కాకపోతే అన్నీ తీరుగా ఉంటే చూడగానే అట్టని తెలిసిపోతుంది. ఒక పెంకుని కిందికి జార్చాలి. ఇంకోదాన్ని విరగ్గొట్టాలి. కోతులు తిరిగిన కప్పు కదా!

రంగూ అంతే. ఇటుకరంగు వేశాక పదింట ఒకటి రెండు పెంకులకి మరో ఛాయ ఇవ్వాలి. నలుపూ గోధుమా కలిపి నీళ్లలా పల్చగా చేసి పారిస్తే ఆ రంగు సందుల్లోకి దిగి ఆగుతుంది. అది ఆరాక, రంగంతా తుడిచేసిన పొడి కుంచెతో మిట్టలమీద లేత రంగుని తాకీ తాకనట్టు రాయాలి. ఆ రెండు పనులయ్యేసరికి అట్ట కాస్తా యాభై వానాకాలాలు చూసిన పెంకైపోతుంది! తడి ఆరని పక్కన కాస్త నాచుపచ్చ, వంటింటిమీద మసికి బొగ్గుపొడి. సున్నం గోడకి తెలుపుని డబ్బాలోంచి తీసింది తీసినట్టే వేస్తే ప్లాస్టిక్‌లా ఉంటుంది. చుక్క గోధుమరంగు కలపాల్సిందే.

ఇవన్నీ చేత్తో అయ్యేవి. అడిగి తెలుసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. నూనె మరక మూడడుగుల ఎత్తులో అంది అమ్మ. చినమావయ్యకి ఫోన్ చేస్తే, 'కాదే, నాన్నది పడక్కుర్చీ. రెండున్నరే' అన్నాడు. రెండున్నర దగ్గరే పెట్టాను. చిక్కంతా గోడ దగ్గర వచ్చింది.

1994లో మావయ్యలిద్దరూ వేరుపడ్డారు. మండువా మధ్యలో గోడ లేచింది. తులసికోట పెదమావయ్య వాటాకి వచ్చింది, వాననీళ్లు బయటికెళ్లే తూము చినమావయ్య వాటాకి. అటు నీళ్లు ఇటు రావాలి కాబట్టి గోడ అడుగున ఓ కన్నం వదిలారు. పెద్దవాళ్లకి మాటల్లేవు. సెలవులకి వెళ్లిన పిల్లలం మాత్రం ఆ కన్నంలోంచి కాగితప్పడవలు పంపుకునేవాళ్లం.

'ఆ పాడు గోడ నా కొలువులో వద్దే. నేను పుట్టి పెరిగిన ఇంట్లో అది లేదు' అంది అమ్మ. న్యాయమే. కానీ నాకు గుర్తున్న ఇంట్లో అది ఉంది. పైగా అప్పటికే కప్పుమీద టీవీ యాంటెన్నా పెట్టేశాను. అది వచ్చింది వాళ్లు వేరుపడ్డాకే!

అమెరికాలో ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ అనే ఆవిడ ఉండేది. 1940ల్లో, అనుమానాస్పద మరణాలు జరిగిన గదులకి అడుగుకి అంగుళం చొప్పున నమూనాలు చేసింది. పోలీసులకి పరిశీలన నేర్పడానికి. బొమ్మల మేజోళ్లు కూడా గుండుసూదులతో స్వయంగా అల్లిందంటే చూడండి. వాటిలో 18 బాల్టిమోర్‌లో భద్రంగా ఉన్నాయి. అందం కోసం ఆ గదుల్లో ఒక్క మరక తుడిచేసినా చూసేవాళ్లు తప్పు తీర్పుకి వస్తారు. మాది నేరం జరిగిన ఇల్లు కాదులెండి. అయినా అరుగుమీద చిందిన మట్టిని అంత శ్రద్ధగా అద్ది, ఏడడుగుల గోడని వదిలేయడానికి మనసొప్పలేదు.

గోడ కట్టాను. మూడున్నర అంగుళాలు. పెదమావయ్య వైపు నున్నటి పూత, ఏటా వేయించిన సున్నం. 'మావైపు పూత ఎక్కడిదే! ఒట్టి ఇటుకలు' అన్నాడు చినమావయ్య. 'కట్టినప్పుడు జారిన సిమెంటు అలాగే గట్టిపడిపోయింది. పిల్లల చొక్కాలు గీరుకుని చిరిగేవి. అప్పుడు చేతిలో డబ్బులాడలేదు, తర్వాత బుద్ధిపుట్టలేదు'. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ఇటుకల వరసలు గీసి, జారిన సిమెంటుకి ఫెవికాల్‌లో బూడిద కలిపి పెట్టాను.

అమ్మ రెండ్రోజులు ముభావంగా ఉంది. మూడోరోజు, 'కన్నం ఇంకాస్త ఎడమకి' అంది.

దసరాకి పెదమావయ్య వచ్చారు. కళ్లజోడు సవరించుకుని వంగి చూశారు. నూనె మరక చూసి నవ్వారు. పైనుంచి చూస్తే గోడ రెండువైపులా ఒకేసారి కనిపిస్తుంది.

'అటువైపు పూత వెయ్యడం మర్చిపోయావేమ్మా' అన్నారు.

'మర్చిపోలేదు మావయ్యా. అటు లేదట.'

'లేదా?'

గోడ లేచాక ఆయన ఆవైపు అడుగుపెట్టనే లేదు. చూపుడువేలితో ఆ ఇటుకల్ని కాసేపు తడిమారు. తర్వాత అమ్మవైపు తిరిగి, 'వాడెప్పుడొస్తున్నాడు?' అని అడిగారు.

'రేపు మధ్యాహ్నం అన్నయ్యా' అంది అమ్మ.

ఆయన ఆ రాత్రి బస్సుకే టిక్కెట్టు తీసుకుని వచ్చారు.