శూన్యభవనము

భయమునకు చీకటి కావలెనని మన పెద్దల నమ్మకము. చింతచెట్టు, పాడునుయ్యి, శ్మశానపు దారి, అమావాస్య రాత్రి: మన కథలలోని దయ్యములు ఈ చిరునామాలలోనే కాపురముండెడివి. 1992లో రాంగోపాల్ వర్మ తీసిన 'రాత్రి' చిత్రము దయ్యమును ఒక సామాన్య కుటుంబము నివసించు ఇంటిలోనికి తెచ్చినది. అంతకు పండ్రెండేండ్ల ముందే, 1980లో, స్టాన్లీ కూబ్రిక్ అను దర్శకుడు దీపములన్నియు వెలుగుచుండగనే ప్రేక్షకుని వణికించెను. ఆ చిత్రము పేరు 'ది షైనింగ్'. దానిని మేము చాల ఆలస్యముగా, మొన్న వేసవిలో, బరంపురములోని మా యింట, సెలవులకు వచ్చిన పిల్లల బలవంతముపై చూచితిమి.

కథ చిన్నది. అమెరికాలో, కొలరాడో కొండలలో, ఓవర్‌లుక్ అను పెద్ద హోటలు. శీతకాలమున మంచుచే దారులు పూడిపోవును గనుక దానిని మూసివేయుదురు. ఆ నెలలలో భవనమును కనిపెట్టియుండుటకు జాక్ అనునతడు, మునుపు బడిపంతులు, ఇప్పుడు రచయిత కాగోరువాడు, భార్యను, చిన్న కొడుకును వెంటబెట్టుకొని వచ్చును. మనుష్యులు ముగ్గురు, గదులు లెక్కకు మిక్కిలి. మంచు కురియును. జాక్ మనస్సు క్రమముగా చెదరును. దీనికి మూలము 1977లో వెలువడిన స్టీఫెన్ కింగ్ నవల. చిత్రము తనకు నచ్చలేదని కింగ్ పలుమారులు చెప్పియున్నాడు. ఆ తగవు వారిది.

మమ్ము పట్టి కుదిపినది కథ కాదు, ఆ చోటు. పిల్లవాడు మూడుచక్రముల బండిపై హోటలు నడవలలో తిరుగుచుండును. కెమేరా వాని వెనుకనే, నేలకు దగ్గరగా, జారుచు పోవును. గారెట్ బ్రౌన్ కనిపెట్టిన స్టెడీకామ్ అను పరికరమువలన ఆ పోకలో కుదుపు లేదు. బండి చక్రములు కొయ్యనేలపై గడగడ మ్రోగును. తివాచీ యెక్కినంతనే నిశ్శబ్దము. దిగగనే మఱల గడగడ. ఇంతే. ఏ దయ్యమును కనబడదు. అయినను మలుపు వచ్చినప్పుడెల్ల మా గదిలో ఊపిరులు నిలిచినవి. మా పెద్దక్కగారి మనుమరాలు వేరుసెనగల గిన్నెను ఒడిలో పెట్టుకొని ఒక్కటియు నోట వేసికొనలేదు.

ఆ హోటలు లోపలి భాగము నిజమైన కట్టడము కాదు. లండను సమీపమున ఎల్‌స్ట్రీ స్టూడియోలో వేసిన సెట్టింగులు. బయట కనబడునది ఓరెగాన్ రాష్ట్రమున హుడ్ పర్వతముపై నున్న టింబర్‌లైన్ లాడ్జి. నవలలోని 217వ గది చిత్రములో 237 అయినది. బసకు వచ్చువారు ఆ గదిలో దిగుటకు జంకుదురేమోయని లాడ్జివారు కోరగా, అక్కడ లేని సంఖ్యను పెట్టిరట! దయ్యమునకును వ్యాపారమునకును ఇట్టి రాజీ కుదురుట మాకు నవ్వు తెప్పించినది. ఇక ఆ భవనపు పొందిక మఱియు విచిత్రము. మేనేజరు గది భవనము నడుమ నున్నదని అక్కడికి నడచిన దారి చెప్పును. అతని వెనుక కిటికీలోనుండి మాత్రము పగటి వెలుగు వచ్చుచుండును. అచ్చట కిటికీ యుండుటకు వీలు లేదు. చూచునప్పుడు ఇది మనకు తట్టదు. ఏదో సరిగా లేదని మాత్రము లోపల తోచుచుండును. అర్ధరాత్రి లేచినప్పుడు, తెలిసిన యింటిలో, గోడ యుండవలసిన చోట చేతికి గోడ తగులకపోయిన నెట్లుండునో, అట్లు.

మా యిల్లు రైలుపెట్టె వంటిది. వీధిగుమ్మమునుండి పెరటివఱకు గదులు ఒకదానివెనుక నొకటి. ఒకప్పుడు పదునలుగురము, నేడు నలుగురము. కొందఱు విశాఖపట్టణమునకు, కొందఱు హైదరాబాదునకు, కొందఱు సముద్రము దాటి వెళ్ళిరి. నడిమి గదులు రెండు తాళము వేసియుండును. మనుష్యులకంటె గదులు ఎక్కువైన ఇండ్లు ఈ సంచిక చదువువారిలో పలువురకు ఉండకపోవు.

అయితే మా పెద్దక్కగారు ఆ నడవలను చూచి వెఱవలేదు. గొడ్డలితో తలుపు పగులగొట్టు ఘట్టమున పిల్లలు కేకలు వేసిరి; ఆమె కదలలేదు. ఆమె లేచి వెళ్ళినది అంతకు చాల ముందు, దయ్యపు వాసనయైనను లేని చోట. హోటలునకు పోకమునుపే, పట్టణములోని యింటికి డాక్టరమ్మ వచ్చును. పిల్లవాని భుజము ఒకప్పుడు కీలు తొలగిన సంగతిని తల్లి ఆమెకు చెప్పును. వాడు కాగితములు చెల్లాచెదరు చేసినాడని, త్రాగియున్న తండ్రి చేయి పట్టి లాగెనట. తల్లి పాత్ర ధరించిన షెల్లీ డువాల్ ఈ మాటలను నవ్వుముఖముతో చెప్పును. చేతిలోని సిగరెట్టు నుసి రాలక పొడవుగా పెరుగుచుండును. దానివలన మేలే జరిగినదనియు, ఆయన త్రాగుడు మానెననియు కూడ చెప్పును. పాలు పొయ్యిమీద నున్నవని అక్కగారు లేచిరి. పాలు అప్పటికే కాచి దింపియుండెను.

నలువదియేండ్ల క్రిందట ఆమె చంటిబిడ్డతో పుట్టినింటికి వచ్చి, మఱల పోలేదు. మా తండ్రిగారు కారణము అడుగలేదు. అడుగుట ఆ దినములలో మర్యాద కాదు.

మఱునాడు కూర తరుగుచు ఆమెయే అనిరి: "ఆ పిల్ల నవ్వుతూ చెప్పింది, చూశావురా? అలాగే చెప్తారు."

ఆ మాట విన్నది మొదలు ఆ చిత్రము మాకు వేఱుగ కనబడుచున్నది. హోటలు జాక్‌ను చెఱచినదా, అతడు వెంట తెచ్చికొన్నదానికి హోటలు చోటిచ్చినదా? కూబ్రిక్ తేల్చి చెప్పడు. భర్త ఏమి వ్రాయుచున్నాడోయని భార్య టైపు కాగితములను తిరుగవేయగా, కట్టలకొలది ఒకే వాక్యము. అతడు వచ్చి వెనుక నిలుచుండును. ఆ విశాలమైన హాలులో పరుగెత్తుటకు ఆమెకు కావలసినంత చోటున్నది. పోవుటకు ఊరు లేదు.

తుదిలో పిల్లవాడు మంచు కప్పిన పొదల చిక్కుదారిలోనికి పరుగెత్తును. తండ్రి గొడ్డలితో వెంటబడును. (నవలలో ఈ చిక్కుదారి లేదు; జంతువుల ఆకారమున కత్తిరించిన పొదలుండును. దర్శకుని మార్పే మేలైనదని మా అభిప్రాయము.) బాలుడు తన అడుగుజాడలలోనే వెనుకకు నడచి, ప్రక్కకు తప్పుకొని, జాడలు చెఱిపి దాగుకొనును. తండ్రి జాడలు ముగిసినచోట దిక్కుతోచక నిలిచిపోవును.

వారము తిరుగకముందే అక్కగారు మనుమరాలిని పిలిచి, ఆ ఘట్టము నొక్కదానిని మఱల వేయించుకొనిరి. పిల్లవాడు తల్లిని చేరి, ఇరువురును మంచుపై నడచు బండి యెక్కి బయలుదేరువఱకు చూచిరి. తండ్రి గడ్డకట్టి కూర్చున్న దృశ్యము రాకముందే, చాలు, కట్టివేయుమనిరి.