ఆత్తంగుడి నుండి మా వసారాకు

మన టౌన్‌షిప్ క్వార్టర్లలో కాపురముండే వారికి గృహాలంకరణ అనగానే మొదట గుర్తుకు వచ్చేది గోడకు మేకు కొట్టరాదన్న నిబంధన. 31 సంవత్సరాల ఉద్యోగంలో నేను నాలుగు క్వార్టర్లు మారాను. ప్రతి చోటా అదే మీగడ రంగు డిస్టెంపరు, అదే మొజాయిక్ గచ్చు. మా శ్రీమతి కిటికీ తెరలు మార్చడం, వరండాలో మనీప్లాంటు తీగ పాకించడం మినహా మేము ఇంటికి చేసిన సింగారం ఏమీ లేదు. ఖాళీ చేసి వెళ్ళిపోవలసిన ఇంటికి ఇంతకన్న ఎందుకన్నది నా వాదం. "అయితే ఖాళీ చెయ్యనక్కరలేని ఇంటికి మాత్రం మీరేం చేశారు?" అని ఆమె అడిగేది. సమాధానం ఉండేది కాదు.

ఆ ఖాళీ చెయ్యనక్కరలేని ఇల్లు బాపట్ల సమీపాన మా స్వగ్రామంలో ఉన్నది. మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు. అందులో 81 ఏళ్ల మా అమ్మగారు ఉంటున్నారు. మా తమ్ముడు పొరుగు వీధిలోనే మేడ కట్టుకున్నా, ఆమె పాత ఇల్లు విడిచి రారు. ఇంటి ముందు వసారాలో ఎర్ర గచ్చు ఉండేది. పందికొక్కులు అడుగున మట్టి తోడివేయగా స్తంభం పక్కన గచ్చు క్రుంగి గుంట పడింది. 2023 వానాకాలంలో ఆ గుంటలో కాలు మడతపడి అమ్మ పడిపోయారు. మణికట్టు ఎముక విరిగింది. ఇల్లు పడగొట్టి రెండు గదుల డాబా వేసి, అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్స్ పరుద్దామని తమ్ముడు పట్టుబట్టాడు. అతని మేడలోని అటువంటి నేల మీదనే అమ్మ రెండు సార్లు జారారన్న సంగతి నేను గుర్తు చేస్తే, "అన్నయ్యా, నువ్వు పండుగకు వచ్చి పోయేవాడివి, రోజూ చూసేది నేను" అన్నాడు. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. పదవీ విరమణకు నాకు ఇంకా మూడేళ్లు ఉన్నది. అంతదాకా ఆగమని చెప్పే హక్కు నాకు లేదు.

ఈ చర్చ సగంలో ఉండగానే, 2024 జనవరిలో, ఎల్.టి.సి. మీద మేమిద్దరం రామేశ్వరం బయలుదేరాము. రామేశ్వరం గురించి ఈ పత్రికలో ఇదివరకే పలువురు వ్రాసి ఉంటారు గనుక దానిని విడిచి, దారిలో ఆగిన కారైక్కుడి గురించే వ్రాస్తాను. తిరుచిరాపల్లి నుండి పుదుక్కోట మీదుగా బస్సులో వెళితే దాదాపు 90 కిలోమీటర్లు. నాబోటి తుప్పు నివారణ శాఖ వారికి ఆ ఊరి పేరు కొత్త కాదు. 1953లో ప్రారంభమైన కేంద్ర విద్యుద్రసాయన పరిశోధన సంస్థ అక్కడే ఉన్నది. దాని కోసం భూమినీ ధనాన్నీ ఇచ్చిన దాత అళగప్ప చెట్టియార్. నేను ఆ సంస్థ ప్రహరీని బస్సు కిటికీలో నుండి చూసి నమస్కరించి, ఈసారి సెలవులో ఉన్నానని నాకు నేనే చెప్పుకున్నాను.

కారైక్కుడి చుట్టూ ఉన్న గ్రామాలన్నిటినీ కలిపి చెట్టినాడు అంటారు. వానలు తక్కువైన మెట్టనేల. తుమ్మచెట్లూ, ఎర్రమట్టీ, మధ్య మధ్య చెరువులూ. అటువంటి చోట ఒక వీధిలో సింహద్వారమూ వెనుక వీధిలో దొడ్డి తలుపూ ఉన్న ఇళ్లు వరుసగా కనబడితే మొదటిసారి వచ్చిన వారికి మతిపోతుంది. బర్మా, సింహళం, మలయా దేశాలలో వడ్డీ వ్యాపారం చేసిన నాట్టుక్కోట్టై చెట్టియార్లు 19వ శతాబ్ది ఉత్తరార్ధం నుండి రెండవ ప్రపంచయుద్ధ కాలం దాకా కట్టించిన భవంతులివి. బర్మా టేకు స్తంభాలు, ఇటలీ చలువరాయి, ఐరోపా నుండి దిగిన అద్దాలు. వాటిని చూసి మా శ్రీమతి ఆశ్చర్యపోతున్నంత సేపూ నేను నడుమనున్న ముంగిలిని చూస్తూ ఉండిపోయాను. వారు దానిని ముట్రం అంటారు. నాలుగు వైపులా చూరు నుండి వాననీరు అందులోకే దిగుతుంది. మన కోస్తా జిల్లాల మండువా లోగిలి అచ్చంగా ఇదే. వీధి వైపు మనం అరుగు అనేదానిని వారు తిణ్ణై అంటారు. పరాయి ఊరికి వచ్చినట్లు కాక, మరచిపోయిన మేనమామగారి ఊరికి వచ్చినట్లు తోచింది.

గోడల సంగతి వేరుగా చెప్పాలి. సున్నాన్ని నానబెట్టి మెత్తగా నూరి, కరక్కాయ, బెల్లపు నీళ్లు, పై పూతకు కోడిగ్రుడ్డు తెల్లసొన కలిపి రుద్దిన గోడలు. నూరేళ్లు దాటినా అరచేతితో తడిమితే పింగాణీ పాత్రను ముట్టుకున్నట్లు చల్లగా, నునుపుగా ఉన్నవి. ఉప్పుగాలికి మూడేళ్లకే పెచ్చులూడే రంగుల కోసం నేను ఎన్ని టెండర్లు పరిశీలించానో తలచుకుని కొంచెం సిగ్గుపడ్డాను.

అయితే ఆ ఇళ్లలో చాలా భాగం తాళం వేసి ఉన్నవే. ఒక్కొక్క ఇంటికి వారసులు పదుల సంఖ్యలో, నలుమూలలా. పెళ్ళిళ్లకు తెరుస్తారు, మూస్తారు. కొన్నింటిని పడగొట్టి అమ్ముకుంటారు. ఆ సామగ్రి తేలేది కారైక్కుడిలోని పాత వస్తువుల అంగళ్లలో. ఒక అంగడి ముందు నాలుగు టేకు స్తంభాలు ఎండలో పడుకోబెట్టి ఉన్నవి. వాటి మొదళ్లలో పాత గచ్చు ముక్కలు ఇంకా అంటుకునే ఉన్నవి. లోపల పింగాణీ పూత పూసిన పాత డబ్బాలు, ఇత్తడి అండాలు, దేవుడి పటాలు. మా శ్రీమతి ఒక చిన్న ఇత్తడి మరచెంబు బేరమాడి, చివరకు కొనకుండా కింద పెట్టేసింది. కారణం నేను అడగలేదు. నాకు మా వసారాలోని స్తంభాలు కళ్ల ముందు కదిలినవి.

మరునాడు ఆత్తంగుడి వెళ్లాము. కారైక్కుడికి చేరువలోని చిన్న గ్రామం. అక్కడి పెద్ద భవంతిని చూసి తిరిగి వస్తూ, గచ్చుబిళ్ళలు తయారుచేసే ఒక షెడ్డు ముందు ఆటో ఆపించాను. అరగంట అనుకున్నది మూడు గంటలయింది.

షెడ్డులో కొలిమి లేదు, మోటారు లేదు, ప్రెస్సు లేదు. ఒక మనిషి, ఒక బల్ల. కావలసిన కొలతకు కోసిన గాజు పలకను గుడ్డతో తుడిచి బల్ల మీద పెడతాడు. దాని మీద చదరపు లోహపు చట్రం, చట్రంలో పువ్వు ఆకారంలో గదులు గదులుగా ఉన్న రేకు అచ్చు. సిమెంటులో రంగు కలిపి పాలలా పలుచన చేసిన ద్రవాన్ని చిన్న గరిటెతో ఏ గదిలో పోయవలసినది ఆ గదిలో పోస్తాడు. అచ్చును నిట్టనిలువుగా పైకెత్తుతాడు. రంగులు ఒకదానిలో ఒకటి కలవవు. ఎందుకు కలవవని నేను చాలాసేపు తేరిపార చూశాను. ఆ ద్రవపు చిక్కదనంలోనూ, అచ్చు తీసే చేతి నిదానంలోనూ ఉన్నది కిటుకు. వెంటనే దాని మీద పొడి సిమెంటు-ఇసుక మిశ్రమం చల్లుతాడు. అది అడుగున రంగులోని అదనపు నీటిని పీల్చుకుంటుంది. ఆ పైన తడి కాంక్రీటు నింపి తాపీతో చదును చేసి చట్రం తీసేస్తాడు. ఒకరోజు ఆరిన తరువాత కొన్నిరోజులు నీటి తొట్టిలో నానబెడతారు. పూర్తిగా గట్టిపడ్డాక గాజు పలక విడివడుతుంది. అంతవరకూ అడుగున ఉన్న ముఖం అప్పుడు మెరుస్తూ బయటపడుతుంది. ఆ మెరుపు పాలిష్ పట్టి తెచ్చినది కాదు. మెత్తని సిమెంటు ముద్ద గాజును ఆనుకుని గట్టిపడడం వలన దాని నునుపునే పుణికిపుచ్చుకుంటుంది. కాల్చవలసిన పని లేదు. గట్టిపరిచేది నిప్పు కాదు, నీరు.

మూలనున్న రంగుల బస్తాలు చూసి నాకు నవ్వు వచ్చింది. ఎరుపు, ఫెర్రిక్ ఆక్సైడు. పసుపు, అదే నీటితో కూడిన ఐరన్ ఆక్సైడు. నలుపు, మాగ్నటైటు. అంటే ఏ తుప్పును గొట్టాల మీద, ట్యాంకుల మీద కనబడనీయకుండా నా ఉద్యోగ జీవితమంతా గడిచిందో, దానినే వీరు కొలిచి, కలిపి, పువ్వులు వేస్తున్నారు. ఇనుము తుప్పుగా మారిన తరువాత ఇక మారవలసినది ఏమీ లేదు. అందుకే ఎండకూ, సిమెంటులోని క్షారానికీ ఆ రంగు చెక్కు చెదరదు. ఈ మాట పనివానికి చెప్పమని శ్రీమతిని కోరాను. నేను తమిళనాట మూడేళ్లు డెప్యుటేషన్‌లో ఉన్నప్పుడు ఆమె తమిళం నేర్చింది, నేను నేర్వలేదు. ఆమె చెప్పింది. ఆయన తలెత్తకుండా ఒక్క మాట అన్నాడు. "రంగు పోదని మాకు తెలుసునట" అని ఆమె అనువదించింది.

మా వసారా పొడవు 25 అడుగులు, వెడల్పు 8 అడుగుల 4 అంగుళాలు. 10 అంగుళాల బిళ్ళలు సరిగ్గా 300. ఇంత చక్కగా కుదిరిన లెక్క విధి నిర్ణయమే అనుకున్నాను. అక్కడి నుండే తమ్ముడికి ఫోను చేసి, బిళ్ళల బొమ్మలు అమ్మకు చూపించమన్నాను. అతను కాసేపు మౌనంగా ఉండి, "ముందు వసారా బాగుచేసి చూద్దాం, ఇంటి సంగతి తరువాత" అన్నాడు. అమ్మ ఫోను తీసుకుని, "బాగున్నాయి అబ్బాయి. కానీ నేలంతా వాళ్లే ముగ్గులేసి పంపిస్తే నేనెక్కడ పెట్టేది?" అన్నారు.

డిజైనులో ఇంత మౌలికమైన లోపాన్ని నా ఉద్యోగంలో ఏ సమీక్షా సమావేశమూ ఇంత త్వరగా పట్టుకోలేదు. లెక్క మార్చాను. అంచు చుట్టూ 76 పువ్వు బిళ్ళలు, నడుమ 224 సాదా ఎర్రబిళ్ళలు. విరుగుడు తరుగుతో 85, 245 చెప్పి బయానా ఇచ్చాము.

లారీలో బిళ్ళలు వచ్చేసరికి మార్చి నెల. 11 విరిగినవి. పని జరుగుతుండగా నేను పది రోజుల సెలవు పెట్టి వెళ్లాను. పాత గచ్చు లేపి, పందికొక్కుల బొరియలను కంకరతో కూరి, నేలను దిమ్మిస కొట్టించాము. అసలు చిక్కు తరువాత వచ్చింది. మూలమట్టం పెట్టి చూస్తే వసారా చదరం కాదు. ఒక చివర నుండి మరొక చివరకు అంగుళంన్నర తేడా. తాతగారి కాలపు మేస్త్రీ కంటి లెక్క అది. గోడ వైపు అంచును కోయక తప్పలేదు. బిళ్ళలను ఒకదానికొకటి ఆనించి, సందు లేకుండా పరచాలి గనుక రసమట్టం ప్రతి వరుసకూ పెట్టవలసిందే. మొదటి రెండు వరుసలు నేనే పరిచాను. మేస్త్రీ ఓపికగా చూసి, నేను భోజనానికి వెళ్లినప్పుడు వాటిని లేపి మళ్లీ పరిచాడు.

ఆ మేస్త్రీయే నాలుగు బిళ్ళల మీద సిమెంటు మరకలు పోవడానికి అలవాటు చొప్పున యాసిడ్ పోశాడు. పింగాణీ టైల్స్‌కు చెల్లుతుంది, వీటికి చెల్లదు. సిమెంటులోని సున్నపు పదార్థాన్ని ఆమ్లం తినివేయగా మెరుపు పోయి నాలుగూ గరుకు రాళ్లలా తేలినవి. తప్పు అతనిది కాదు, ముందుగా చెప్పని నాది. ఎవరైనా ఇటువంటి గచ్చు వేయించుకుంటే ఈ ఒక్క మాట పనివారికి మొదటిరోజే చెప్పండి. నిమ్మరసం, చింతపండు పులుసు ఒలికినా వెంటనే తుడవాలి. మొదటి నెలల్లో తెల్లని ఉప్పు పొర పొంగితే కంగారు పడవద్దు. లోపలి సున్నం తడితో పైకి వచ్చి గాలికి గట్టిపడడమే అది. పొడిగుడ్డతో తుడుస్తూ పోతే క్రమంగా తగ్గుతుంది. ఆత్తంగుడి వారు చెప్పినట్లు వరి ఊకతో, కొబ్బరినూనెతో రుద్దాము. నూనె జిడ్డు ఏమాత్రం మిగలకుండా తుడిచిన తరువాతనే అమ్మను నడవనిచ్చాము. ఈ గచ్చు జారనే జారదని నేను హామీ ఇవ్వను. తడి గచ్చు ఏదైనా జారుతుంది. స్తంభం నుండి గడప దాకా గోడకు చేతి ఆసరాగా ఒక టేకు కమ్మీ బిగించాము. ఈ గోడకు మేకు కొట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేకపోయింది.

గోడల సున్నం పని నేనూ, తమ్ముడి కొడుకూ స్వయంగా చేశాము. రాళ్లసున్నాన్ని డ్రమ్ములో నానవేసేటప్పుడు నీరు సలసల మరుగుతుంది. పిల్లలను దూరంగా ఉంచి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. రెండు రోజుల తరువాత గుడ్డలో వడగట్టి, తుమ్మజిగురు నీళ్లు, చిటికెడు నీలిమందు కలిపాము. ముందుగా గోడను తడిపి, పలుచగా మూడు పూతలు వేయాలి. మొదటి పూత వేసిన సాయంత్రం గోడ ఏమీ తెల్లబడలేదని అబ్బాయి నిరాశపడ్డాడు. సున్నం ఆరితేగాని తెల్లబడదు. తెల్లవారి లేచి వాడే నన్ను నిద్ర లేపాడు.

ఉగాదినాటికి వసారా సిద్ధమైంది. కట్టు విప్పిన కుడిచేయి ఇంకా పూర్తిగా తిరగకపోవడం వలన అమ్మ ముగ్గు గీతలు కొంచెం వంకరపోయినవి. చిక్కటి ఎరుపు మీద బియ్యప్పిండి బాగా కనబడుతున్నదని మాత్రం అన్నారు. ఇల్లు పడగొట్టే ప్రస్తావన తమ్ముడు మళ్లీ తేలేదు. మొన్న ఫోనులో, వంటింటి నేల కొలతలు పంపమంటావా అని అడిగాడు.

మిగిలినవి 15 బిళ్ళలు. సాదావి ఎనిమిదీ తులసికోట చుట్టూ వేశాము. పువ్వు బిళ్ళలు ఏడింటిలో ఆరు మా శ్రీమతి క్వార్టరుకు తెచ్చి, వడ్రంగి చేత 20 అంగుళాలకు 30 అంగుళాల కొయ్య చట్రం చేయించి, టీపాయి పైభాగంగా అమర్చింది. సిమెంటు పెట్టలేదు. ఖాళీ చేసేనాడు విడదీసి పట్టుకుపోవచ్చును.