ముగ్గుపిండితో గీసిన గుండె

ఆదివారం పొద్దున కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డిలో మటన్ కొట్టు ముందు సంచి పట్టుకుని నిలబడ్డ పిల్లవాడికి శరీరశాస్త్రం కొంత తెలిసే ఉంటుంది. కార్జం ఏ రంగులో ఉంటుందో, గుండెకాయ ఎంత గట్టిగా ఉంటుందో, బోటి ఎంత పొడుగో వాడు కళ్లారా చూసినవాడే. ఇంట్లో అమ్మ బోటిని వేడినీళ్లలో వేసి గీకుతుంటే లోపలి పొర ఎంత గరుకో చేత్తో తాకి చూసినవాడే. సోమవారం బడిలో అవయవ వ్యవస్థల పాఠం తెరిస్తే మాత్రం కనబడేది ఒక రంగుల బొమ్మ, దాని చుట్టూ బాణాలు, బాణాల చివర పేర్లు. నిన్న సంచిలో తెచ్చినదీ ఇవాళ పుస్తకంలో ఉన్నదీ ఒకటేనని వాడికి ఎవరో ఒకరు చెప్పాలి.

అందుకు దారి పాఠ్యపుస్తకంలోనే ఉంది. తెలంగాణ పదో తరగతి జీవశాస్త్రంలో మేక గుండెనో గొర్రె గుండెనో తెచ్చి, శుభ్రంగా కడిగి, కోసి, లోపలి గదులు చూడమనే కృత్యం ఉంది. విసర్జన పాఠంలో మూత్రపిండాన్ని కూడా అలాగే చూడమన్నారు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పనులకు మార్కులూ ఉన్నాయి. అయినా చాలాచోట్ల ప్రాజెక్టు అంటే దుకాణంలో కొన్న చార్టు, దాని మీద అతికించిన బొమ్మ, లేకపోతే అన్నయ్య చేసిచ్చిన థర్మకోల్ నమూనా. మార్కులు పడతాయి గాని పిల్లల చేతికి పాఠం తగలదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి లాంటి ఊళ్లలో ఇంతకంటే ఎంతో మంచి ప్రాజెక్టుకు కావలసిన సామాను పెద్ద ఖర్చు లేకుండా చుట్టుపక్కలే దొరుకుతుంది.

మేక గుండెనే తీసుకోండి. అందులో ఉన్నవీ నాలుగు గదులే, మనిషి గుండెలో ఉన్నవీ నాలుగు గదులే. పుస్తకం చెప్పినట్టు రక్తనాళాల్లోకి స్ట్రాలు దూర్చి చూస్తే ఏ నాళం ఏ గదిలోకి తెరుచుకుంటుందో తెలుస్తుంది. కోశాక మొదట ఆశ్చర్యపరిచేది ఎడమ జఠరిక గోడ. కుడి జఠరిక గోడకంటే అది బాగా మందం. ఎందుకు? కుడివైపు గది రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా నెడితే చాలు. ఎడమ గది నడినెత్తి నుంచి కాలి బొటనవేలి దాకా నెట్టాలి. ఈ మాట ఉపాధ్యాయుడు ముందే చెప్పేయకుండా, పిల్లలు రెండు గోడలనూ వేళ్ల మధ్య పట్టుకుని చూసేదాకా ఆగితే, కారణం వాళ్ల నోటనే వస్తుంది.

మేక పొట్ట దగ్గర మాత్రం ఈ పోలిక చెల్లదు. గడ్డి తిని నెమరువేసే జంతువు కాబట్టి దాని జీర్ణాశయంలో నాలుగు భాగాలుంటాయి. మనకున్నది ఒకటే. బోటి శుభ్రం చేసే అమ్మకు ఆ భాగాల తేడా చేతివేళ్లతోనే తెలుసు. ఆమెను ఒక పూట బడికి పిలిచి చెప్పించుకోవడంలో తప్పేముంది? మాంసం ముట్టని ఇళ్ల పిల్లలూ తరగతిలో ఉంటారు. వాళ్లను బలవంతపెట్టనక్కర్లేదు. వాళ్లకోసం ముగ్గు గుండె ఉంది.

ముగ్గు గుండె అంటే బడి ఆవరణలో నీళ్లు చల్లి, ముగ్గుపిండితో నాలుగు గదుల గుండెను ఇరవై ముప్పై మంది నడవగలిగేంత పెద్దగా గీయడం. ఒక పక్క ఊపిరితిత్తులు, ఇంకో పక్క మిగతా శరీరం. ఆక్సిజన్‌కు ఎర్ర చీటీలు, కార్బన్ డయాక్సైడ్‌కు నీలం చీటీలు. పిల్లలంతా రక్తకణాలై కుడి కర్ణికలో అడుగుపెట్టి, కుడి జఠరికలోకి దిగి, ఊపిరితిత్తుల దగ్గర నీలం చీటీ ఇచ్చేసి ఎర్రది పుచ్చుకుని, ఎడమ కర్ణికకు వచ్చి, ఎడమ జఠరిక గుండా బృహద్ధమనిలోకి పరుగెత్తాలి. శరీరంలో కాలికో మెదడుకో ఎర్ర చీటీ ఇచ్చి, నీలం చీటీతో మళ్లీ కుడి కర్ణికకు చేరాలి. కవాటాల దగ్గర చేతులు కలిపి నిలబడ్డ పిల్లలు ముందుకు పోయేవాళ్లను వదులుతారు, వెనక్కి తిరిగినవాళ్లను ఆపేస్తారు. ఒక కవాటాన్ని కావాలనే వదులుగా నిలబెట్టి చూడండి. రెండు నిమిషాల్లో తోపులాట మొదలవుతుంది. కవాటం సరిగ్గా మూసుకోకపోతే గుండెకు ఎందుకు భారమవుతుందో పిల్లలకు ఆ తోపులాటలోనే అర్థమవుతుంది.

రక్తప్రసరణ చెప్పేటప్పుడు ఈ ప్రాంతపు ఉపాధ్యాయులకు ముందుగా గుర్తొచ్చేది కాలువే. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ జిల్లాలోనే, మంజీరా మీద ఉంది. దానికంటే ముందు కట్టిన పోచారం ప్రాజెక్టు నీళ్లు నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి పొలాలకు పారతాయి. ప్రధాన కాలువ, పంటకాలువ, పిల్లకాలువ అని చెప్పుకుంటూ పోతే ధమని, ఉపధమని, రక్తకేశనాళిక అన్నీ వరసగా అమరుతాయి. అలా అమరాక ఏదో ఒక బల్ల నుంచి ఒక ప్రశ్న రావాలి: “మరి పొలానికి పోయిన నీళ్లు మల్ల డ్యాంకు వాపస్ వస్తయా సార్?”

రావు. శాస్త్రం శతాబ్దాలపాటు చిక్కుకుపోయింది ఇక్కడే. రక్తనాళాలను తోటలోని నీటికాలువలతో పోల్చినవాడు అరిస్టాటిల్. రక్తం కాలేయంలో పుట్టి, అవయవాలకు పారి, అక్కడే ఖర్చైపోతుందని రెండో శతాబ్దపు వైద్యుడు గేలెన్ నమ్మాడు. ఆ నమ్మకం దాదాపు 1400 ఏళ్లు నిలిచింది. 1628లో విలియం హార్వే గుండె ఒక్కో దెబ్బకు ఎంత రక్తం నెడుతుందో అంచనా వేసి, దాన్ని గుండె దెబ్బలతో హెచ్చవేశాడు. అరగంటలో గుండె గుండా పోయే రక్తం శరీరంలో ఉన్న మొత్తం రక్తాన్ని మించిపోతోంది. అంత రక్తం ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టడం కుదరని పని. కాబట్టి వెళ్లిన రక్తమే తిరిగి వస్తోంది. అయితే ధమని నుంచి సిరలోకి అది ఏ దారిన వెళుతుందో హార్వే కంటికి కనబడలేదు. ఆయన 1657లో పోయాడు. నాలుగేళ్లకు, 1661లో, మార్సెల్లో మాల్పిఘి కప్ప ఊపిరితిత్తుల్లో సూక్ష్మదర్శినితో ఆ సన్నటి నాళికలను చూశాడు.

హార్వే వేసిన లెక్క ఎనిమిదో తరగతి పిల్లలూ వేయగలరు. మణికట్టు మీద వేళ్లు పెట్టి నిమిషానికి నాడి లెక్కించాలి. పెద్దవాళ్లకు విశ్రాంతిలో నిమిషానికి సుమారు 72 దెబ్బలు, దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్లు అనుకుంటే నిమిషానికి ఐదు లీటర్లు. రోజుకు ఏడు వేల లీటర్లు పైమాటే. బడిలో 200 లీటర్ల డ్రమ్ముంటే, అలాంటివి 36 నిండుతాయి. మన ఒంట్లో ఉన్న రక్తం మాత్రం ఐదు లీటర్లే! కాలువ పోలిక ఎంతవరకు పనికొచ్చిందో, ఎక్కడ వదిలేయాలో ఈ లెక్కతో తేలిపోతుంది. చేసిన నమూనా అసలుదానితో ఎక్కడ సరిపడలేదో పిల్లలు వెతకడమే ఈ ప్రాజెక్టులన్నిటిలోకీ విలువైన పని. చార్టు మీద ఆ వెతుకులాటకు చోటు లేదు.

జీర్ణవ్యవస్థకు ఒక పాత చీర చాలు. చీర పొడవు ఐదున్నర మీటర్లు. పెద్దవాళ్ల చిన్నపేగు సుమారు ఆరు మీటర్లు. చీరను తాడులా మెలిపెట్టి, కొసకు మూరెడు గుడ్డ కలిపి, నేల మీద గీసిన తమ బొమ్మ పొట్టలో సర్దమంటే పిల్లలు మడతల మీద మడతలు వేస్తారు. లోపలి చూషకాలతో సహా పేగుల మొత్తం వైశాల్యం సుమారు 30 చదరపు మీటర్లని 2014లో వచ్చిన కొలతలు చెబుతున్నాయి. ఐదు మీటర్ల వెడల్పు, ఆరు మీటర్ల పొడవున్న తరగతి గది నేల అంత. అన్నం మెతుకు మీద అయోడిన్ చుక్క వేస్తే నీలి నలుపవుతుంది. బాగా నమిలి ఉమ్మి కలిసిన మెతుకు మీద వేస్తే ఆ రంగు తగ్గుతుంది. పిండిపదార్థం నోట్లోనే విడిపోవడం మొదలైందన్నమాట. మక్క కంకి తిన్న మర్నాడు గింజల పైపొట్టు అరగకుండానే పోతుందని పల్లె పిల్లలకు తెలుసు. ఆ పొట్టులోని సెల్యులోజ్‌ను మన జీర్ణరసాలు విడగొట్టలేవు. కామారెడ్డి గంజ్‌లో అమ్మే బెల్లం మాత్రం చిన్నపేగులో చిటికెలో రెండు రకాల చక్కెరలుగా విడిపోయి రక్తంలో కలుస్తుంది.

చెయ్యి నమూనాకు అట్టముక్క, స్ట్రాలు, దారం కావాలి. అట్టను అరచేతి ఆకారంలో కత్తిరించి, వేళ్ల మీద స్ట్రా ముక్కలు అతికించి, వాటిలోంచి దారం దూర్చి మణికట్టు దగ్గర లాగితే వేలు ముడుచుకుంటుంది. వేలిని మడిచే ప్రధాన కండరాలు వేలిలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. సాయంత్రం ఇంటికెళ్లి అమ్మ ముంజేతిని చూసి రమ్మనాలి. ఈ జిల్లాలో ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లు చాట ఒడిలో పెట్టుకుని, తునికాకులో తంబాకు వేసి, వెయ్యి బీడీల లెక్కన కూలికి చుడతారు. ఒక్కో బీడీకి ముంజేతిలో కండరం ఎలా కదులుతుందో, సాయంత్రానికి మెడ, భుజం ఎందుకు పట్టేస్తాయో అడిగి రాసుకొచ్చిన పిల్ల అస్థి, కండర వ్యవస్థల పాఠంతో పాటు తల్లి కష్టాన్నీ చదివినట్టే.

శ్వాసవ్యవస్థ దగ్గర ఉపాధ్యాయుడు జాగ్రత్తగా మాట్లాడాలి. తంబాకు దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది అని చెప్పక తప్పదు. ఆ మాట తల్లిని తప్పుపట్టినట్టు వినబడకూడదు. గాలి ఆడేచోట కూర్చోవడం, ముక్కుకు గుడ్డ కట్టుకోవడం, పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవడం ఇంటికి పంపదగ్గ పాఠాలు. ఇక నమూనా తేలిక. అడుగు కోసేసిన ప్లాస్టిక్ సీసా, లోపల బుడగ, అడుగున బిగించిన రబ్బరు పొర. పొర లాగితే బుడగ ఉబ్బుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. ఇక్కడా సరిపడనివి వెతకాలి. సీసా గోడ కదలదు, మన పక్కటెముకలు కదులుతాయి. సీసాలో బుడగ చుట్టూ బోలెడు ఖాళీ ఉంది, ఛాతీలో ఊపిరితిత్తుల చుట్టూ ఆ ఖాళీ లేదు.

గుండె చప్పుడు వినడానికి కాగితం చుట్ట చాలు. 1816లో పారిస్‌లో రెనే లెనెక్ అనే వైద్యుడు ఒక యువతి ఛాతీకి చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితాలను గొట్టంలా చుట్టి విన్నాడు. చప్పుడు మరింత స్పష్టంగా వినిపించింది. స్టెతస్కోపుకు అదే మొదలు. ఏ అవయవం ఎక్కడుంటుందో ఒంటి మీదే చూపవచ్చు. స్పెయిన్‌లోని వయ్యదోలిద్ నగరంలో వెరోనికా దూకే అనే టీచరు 2019లో అవయవాలన్నీ అచ్చు వేసిన బిగుతైన దుస్తులు వేసుకుని మూడో తరగతికి పాఠం చెప్పింది. ఆ ఫొటోలు లోకమంతా తిరిగాయి. మన దగ్గర పాత తెల్ల బనీను మీద పిల్లలే తమ కొలతలతో కాలేయం, ఊపిరితిత్తులు గీసుకుని తొడుక్కోవచ్చు.

వ్యవస్థలన్నీ వేరువేరు గుంపుల చేతిలో ఉన్నాక వాటిని కలిపేది ఎలా? పదో తరగతి పుస్తకంలో జీవక్రియలలో సమన్వయం అని ప్రత్యేకంగా పాఠమే ఉంది. దానికి తగిన ప్రయోగం కబడ్డీ. కూత పెట్టినంతసేపూ గాలి బయటికే పోతుంది, లోపలికి రాదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. మెదడు కింది భాగంలోని మజ్జాముఖం దాన్ని పసిగట్టి ఊపిరి తీసుకోమని తొందరపెడుతుంది. గుండె వేగం పెరుగుతుంది. మొదటి కొన్ని క్షణాల పరుగుకు కావలసిన శక్తి కండరంలో నిలవున్న ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్‌ల నుంచి వస్తుంది. ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి వెలుగులోకి తెచ్చింది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. గీత దాటి వచ్చిన ఆటగాడి నాడిని అక్కడికక్కడే లెక్కపెట్టి, నిమిషం తర్వాత మళ్లీ లెక్కపెట్టి రాస్తే శ్వాస గుంపు, గుండె గుంపు, కండరాల గుంపు, మెదడు గుంపు నాలుగూ ఒకే కాగితం మీద కూర్చోవాల్సి వస్తుంది.

మూత్రపిండాల గుంపు బడి వరండాలో 20 లీటర్ల నీళ్ల క్యాన్లు తొమ్మిది వరసగా పేర్చాలి. రెండు మూత్రపిండాలూ రోజంతా వడపోసేది సుమారు 180 లీటర్లు. పక్కన ఒక సీసాలో ఒకటిన్నర లీటరు నీళ్లు పెట్టాలి. బయటికి పోయేది సుమారుగా అంతే. మిగిలినదంతా ఎక్కడికి పోయిందని చూసినవాళ్లు అడిగితే, మళ్లీ రక్తంలోకే చేరిందని పిల్లలు చెప్పాలి, ఎలా చేరిందో బొమ్మ గీసి చూపాలి.

ఇన్ని చేశాక పుస్తకంలో జవాబు దొరకని ప్రశ్నలు కొన్ని మిగులుతాయి. వాటిని చెరిపేయకుండా జాబితా రాయించాలి. ఎల్లారెడ్డి నుంచి లింగంపేట మీదుగా బస్సెక్కితే కామారెడ్డి. అక్కడ 2023లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాలలో ఏటా వంద మంది చేరి, మొదటి ఏడాది చదివేది ఇదే పాఠాన్ని, మరింత లోతుగా. అనుమతి తీసుకుని ఆ జాబితాతో పిల్లల్ని ఒక పూట అక్కడికి తీసుకెళ్లవచ్చు, లేదా అక్కడి విద్యార్థుల్నే బడికి పిలవవచ్చు. జవాబు దొరికిన ప్రశ్న పక్కన టిక్కు పెట్టి, దొరకనిదాన్ని వచ్చే ఏడాది తరగతికి అప్పగిస్తే, వాళ్ల ప్రాజెక్టు ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.