ఆపబోతే ఆగిపోయే బండి: కరీంనగర్ నుండి ఆదిలాబాద్ దాకా

కరీంనగర్ నుండి ఆదిలాబాద్ వెళ్ళేవారికి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూర్ చేరి, అక్కడ 44వ నంబరు జాతీయ రహదారిని అందుకోవడం ఒక మార్గం. సోన్ వద్ద గోదావరిని దాటితే నిర్మల్. ఆ పట్టణం దాటగానే గుట్టలు, అడవి మొదలవుతాయి. గత శీతాకాలంలో మేము కుటుంబ సమేతంగా ఈ దారినే బయలుదేరాము. ఆదిలాబాద్‌లో ఖాలా చాలా రోజులుగా మంచం మీద ఉన్నారు. చెల్లెలిని ఒక్కసారి కళ్ళారా చూడాలని అమ్మీ కోరిక. తిరుగు ప్రయాణంలో పాత రోడ్డు మీది మహబూబ్ ఘాట్ మలుపులు చూపిస్తామని పిల్లలకు మాట కూడా ఇచ్చాము.

మా కారు కార్బురేటర్ కాలం నాటిది. రెండు నెలలుగా దానికొక జబ్బు పట్టుకుంది. పరుగులో ఉన్నంతసేపు ఏ లోపమూ కనిపించదు. కూడలి దగ్గరో, స్పీడ్ బ్రేకర్ దగ్గరో ఆపబోతే ఇంజిన్ చటుక్కున ఆగిపోతుంది. తాళం తిప్పితే మళ్ళీ మామూలే. ఒక మెకానిక్ ప్లగ్గులు మార్చాడు. మరొకతను ఐడ్లింగ్ స్క్రూ తిప్పి ఇంజిన్ వేగం పెంచాడు. నాలుగు రోజులు బాగానే ఉంది. నయమైందనే భ్రమతో ప్రయాణం కట్టాము.

జగిత్యాలలో రెండుసార్లు ఆగింది. మెట్‌పల్లి బజారులో ఆగినప్పుడు వెనుక లారీ హారన్‌కు చిన్నది ఏడుపు అందుకుంది. ఆర్మూర్ దాటేసరికి మేము ఒక కాలితోనే బ్రేకునూ యాక్సిలరేటర్‌నూ తొక్కే విద్య నేర్చుకున్నాము. అమ్మీ మాత్రం ఒక్క మాటా అనలేదు. ఆ మౌనమే మమ్మల్ని నిర్మల్‌లో ఒక షెడ్డు ముందు ఆపించింది.

అక్కడి ఉస్తాద్ వయసు మళ్ళిన మనిషి. బానెట్ ఎత్తలేదు, పానా పట్టలేదు. ముందు ప్రశ్నలు వేశారు. "పొద్దుగాల చల్లగున్నప్పుడు బంద్ అయితదా, వేడెక్కినంక అయితదా? ఏసీ వేస్తెనే అయితదా? బ్రేక్ తొక్కితెనే అయితదా, తొక్కకుంట దానంతట అది ఆగినా అయితదా?"

చివరి ప్రశ్నకు మా వద్ద సమాధానం లేదు. రెండు నెలలుగా ఆ బండిని నడుపుతున్నాము గాని, ఎప్పుడు ఆగుతోందో ఒక్కనాడూ గమనించలేదు. ఉస్తాద్ మమ్మల్ని పక్కనున్న ఖాళీ స్థలంలోకి పంపారు. బ్రేకు ముట్టకుండా, గేరు తీసి, బండిని దానంతట అదే నిలిచిపోయేలా వదిలాము. ఇంజిన్ ఆగలేదు. మరోసారి బ్రేకు తొక్కి ఆపాము. ఆగిపోయింది.

దీని వెనుక ఉన్న సంగతిని ఆయన ఓపికగా వివరించారు. యాక్సిలరేటర్ మీద నుండి కాలు తీయగానే ఇంజిన్‌కు గాలి వెళ్ళే ప్రధాన ద్వారం మూసుకుంటుంది. ఆపై అది కొద్దిపాటి గాలి, కొద్దిపాటి పెట్రోలుతోనే, నిమిషానికి సుమారు 800, 900 చుట్లు తిరుగుతూ నిలబడాలి. వేగంలో దాగిపోయే లోపాలన్నీ ఆ బలహీన క్షణంలోనే బయటపడతాయి. కార్బురేటర్‌లోని సన్నని జెట్‌లో మురికి చేరినా, రబ్బరు గొట్టం పగిలి అదనపు గాలి చొరబడినా, ప్లగ్గులు నీరసించినా బండి ఆపేటప్పుడే ఆగిపోతుంది. ఇంజెక్షన్ బండ్లలో థ్రాటిల్ బాడీకి మసి పట్టడం, ఐడిల్ వాల్వ్ చెడిపోవడం తరచు కనిపించే కారణాలు.

మా బండిది వేరే కథ. బ్రేకు పెడల్‌కు, మాస్టర్ సిలిండర్‌కు మధ్య బూస్టర్ అనే గుండ్రని రేకు డబ్బా ఉంటుంది. ఇంజిన్ పీల్పును ఒక గొట్టం ద్వారా అందుకొని అది మన కాలికి బలాన్ని జోడిస్తుంది. దాని లోపలి రబ్బరు పొర చిరిగితే, బ్రేకు తొక్కిన ప్రతిసారీ బయటి గాలి ఆ గొట్టం గుండా ఇంజిన్‌లోకి దూరుతుంది. మిశ్రమం పలుచబడి ఇంజిన్ చచ్చిపోతుంది. ఉస్తాద్ ఇంజిన్ వైపు నుండి ఆ గొట్టం ఊడదీసి, రంధ్రాన్ని మూసి, బ్రేకు తొక్కమన్నారు. పెడల్ రాయిలా బిగుసుకుంది, కాని ఇంజిన్ తొణకలేదు. దోషి దొరికింది. ఇటీవల బ్రేకు కాస్త గట్టిగా తగులుతుంటే వయసు భారమని సరిపెట్టుకున్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చింది.

"ఐడ్లింగ్ ఇంకొంచెం పెంచితే ఆదిలాబాద్ దాకా పోలేమా, చాచా?" అని అడిగాము.

"పోతరు బేటా, గుట్ట ఎక్కుతరు. దిగేటప్పుడెట్ల? ఇంజిన్ బంద్ పడ్డంక మంచి బూస్టరైతె రెండు తొక్కుల బలం ఉంటది. చినిగినదానికి అదీ ఉండదు. వెనక సీట్ల అమ్మ ఉన్నది, పిల్లలున్నరు."

మరి మాట పెగల్లేదు. కారును అక్కడే వదిలి ఆర్టీసీ బస్సెక్కాము. నిర్మల్ నుండి ఆదిలాబాద్ దాదాపు 80 కిలోమీటర్లు. గుట్టల మీదుగా టేకు చెట్లు, నేరడిగొండ వద్ద కుంటాల జలపాతానికి చీలే దారి, ఇచ్చోడ, గుడిహత్నూర్, మార్కెట్టుకు పత్తి మోసుకుపోయే బండ్ల బారులు. అమ్మీ కిటికీ పక్కన కూర్చొని, రెండు నెలల తరువాత మొదటిసారి నిశ్చింతగా కునుకు తీశారు. ఆ సాయంత్రం అక్కాచెల్లెళ్ళు చేతులు పట్టుకొని చాలాసేపు మాట్లాడుకోకుండానే కూర్చున్నారు. మా ప్రయాణం సార్థకమైంది.

మూడవనాడు నిర్మల్ చేరేసరికి హైదరాబాద్ నుండి పార్సిల్‌లో వచ్చిన కొత్త బూస్టర్ అమర్చి ఉంది. ఉస్తాద్ పెంచిన ఐడ్లింగ్‌ను మళ్ళీ తగ్గించారు. "అది జ్వరాన్ని దుప్పటి కింద దాచినట్టు," అన్నారు. ఇంటి వద్ద ఎవరైనా చేసుకోదగిన పరీక్ష కూడా నేర్పారు. ఇంజిన్ ఆపి బ్రేకును నాలుగైదుసార్లు తొక్కి, చివరిసారి అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చేయాలి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్టు. దిగకపోతే మెకానిక్ దగ్గరకు వెళ్ళవలసిందే.

పిల్లలకిచ్చిన మాట మిగిలే ఉంది. మహబూబ్ ఘాట్ ఎక్కి, పైన కాసేపు నిలిచి, రెండవ గేరులో మెల్లగా దిగాము. పెట్రోలు ఆదా అవుతుందని గేరు తీసి ఘాట్ దిగడం ప్రమాదకరం. గేరులో ఉంటే చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతూ బండి వేగాన్ని అదుపు చేస్తాయి. కింద చివరి మలుపు దగ్గర బ్రేకు తొక్కి పూర్తిగా ఆపాము. అందరమూ ఊపిరి బిగబట్టి విన్నాము. ఇంజిన్ సన్నగా, నిలకడగా కొట్టుకుంటూనే ఉంది.

పాత బండి గల మిత్రులకు మా మనవి ఒక్కటే. అది ఎందుకు ఆగుతోందని అడిగేముందు ఎప్పుడు ఆగుతోందో గమనించండి. ఒక చిన్న కాగితం మీద రాసుకున్నా చాలు. మేము రెండు నెలలు, కొన్ని ప్లగ్గులు ఖర్చు చేసి నేర్చుకున్నది ఇంతే.